ముప్పై ఎనిమిది ఎడమ బూట్లు

లంచ్ బాక్సులు తయారుచేసే వాళ్ళనందరినీ ఒక్కసారి వరసగా నిలబెట్టి అడగాలని ఉంది. సంచిలో ఉన్నంతసేపూ దానంతటదే ఊడిపోయే మూత, బల్ల మీద పెట్టగానే ఎందుకు బిగుసుకుపోతుంది?

మా ఇంట్లో ఆ మూత తియ్యడం నా డ్యూటీ. మా ఆవిడ నలభై ఏళ్ళు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైంది. తాళంచెవి లేని బీరువాలు తెరిపించింది. నోరు మెదపని ఘటాల చేత నోరు తెరిపించింది. మూత మాత్రం ముట్టుకోదు. అది వేరే డిపార్ట్‌మెంట్ అంటుంది.

ఇప్పుడు ఆవిడ ఒక కాలేజీలో సెక్యూరిటీ ఆఫీసర్. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి, ప్రస్తుతం ఆవిడ మర్చిపోయిన బాక్సు మోసుకెళ్ళే ఆఫీసర్ని.

ఆ శనివారం కూడా అందుకే వెళ్ళాను. గేటు దగ్గర టైము పదకొండు ఇరవై ఆరు. ఆ రోజు కన్వొకేషన్. రెండు గంటలకు పట్టాలిస్తారు.

లోపల గోల గోలగా ఉంది.

మెయిన్ బిల్డింగ్ ముందు పెద్ద పచ్చిక. దాని అంచున సిమెంటు గట్టు. గట్టు మీద నల్ల బూట్లు, ఒకే వరసలో. చుట్టూ నల్ల గౌన్లు తొడుక్కుని, సాక్సులు చేతిలో పట్టుకుని, వట్టి కాళ్ళతో నిలబడిన పిల్లలు.

మా ఆవిడ గట్టు పక్కన వంగి లెక్కపెడుతోంది.

"ముప్పై ఎనిమిది," అంది. "అన్నీ కుడికాలివే. ఎడమ కాలివి ఒక్కటీ లేవు."

"బాక్సు..." అన్నాను.

"పక్కన పెట్టి నోట్‌బుక్ తియ్యండి. మీ చేతిరాత బాగుంటుంది."

అలా నేను ఈ కేసులో ప్రవేశించాను.

ముందు ఆ పచ్చిక సంగతి చెప్పాలి. నాలుగేళ్ళూ దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. అవతలి లైబ్రరీకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి రెండు వందల నలభై అడుగులు వెయ్యాలి. వర్షమొచ్చినా అంతే, పరీక్షకి ఆలస్యమైనా అంతే. కానీ చదువు పూర్తయ్యే రోజున మాత్రం స్నేహితులంతా గట్టు మీద బూట్లు విడిచి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని, పాడుకుంటూ మెల్లగా గడ్డికి అడ్డంగా నడిచి అవతలికి పోతారు. దీన్ని 'గడ్డి దాటడం' అంటారు. ఒక్కటే నియమం. వెనక్కి తిరిగి చూడకూడదు. చూసినవాడికి ఒక పేపరు పోతుందని నమ్మకం. ఇంజనీరింగు చదివిన పిల్లలే. అయినా నమ్మకం నమ్మకమే.

పాత రిజిస్ట్రార్లు కిటికీలో నిలబడి టీ తాగుతూ చూసి నవ్వుకునేవారట. కొత్త రిజిస్ట్రార్‌కి టీ అలవాటు లేదు. నవ్వూ లేదు. సర్క్యులర్లు ఉన్నాయి. ముందురోజే ఒకటి తీశాడు. గడ్డి మీద అడుగుపెట్టినవాళ్ళ పట్టా ఏడాదిపాటు ఆపేస్తారు. సెక్యూరిటీ ఆఫీసర్ ధ్రువీకరించిన జాబితాయే ప్రమాణం. ఇంకో సంగతి, నల్ల బూట్లు లేనివాళ్ళకి హాల్లోకి ప్రవేశం లేదు.

అరవై ఒక్క మందికి ఐదు వందల కాపీలు తీయించాడు. ఎక్కడ చూసినా అవే.

అరవై ఒక్క మందిలో ఇరవై ముగ్గురు భయపడి క్లాసురూములోనే ఆగిపోయారు. ముప్పై ఎనిమిది మంది దాటారు.

"ఎన్నింటికి మొదలెట్టారు?" మా ఆవిడ అడిగింది.

"పదకొండు పదికి మేడమ్." జవాబిచ్చింది ఆ బ్యాచ్‌లో మొదటి ర్యాంకు అమ్మాయి. అందరూ ఆమెను ర్యాంకూ అనే పిలుస్తున్నారు. మనిషి సన్నం. గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"అవతలికి చేరింది?"

"పదకొండు పందొమ్మిది. ఫోటోలు దిగి, దారెంట చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇరవై నాలుగు."

"పద్నాలుగు నిమిషాలు. ఈలోగా ఎవరూ వెనక్కి చూడలేదా?"

"పేపరు పోతుంది కదా మేడమ్!"

"పరీక్షలు అయిపోయాయి కదే."

"అయినా ఎందుకు మేడమ్ రిస్కు," అన్నాడు పక్కనున్న ఆరడుగుల కుర్రాడు. వాణ్ణి పొడుగూ అంటున్నారు.

అప్పుడే రిజిస్ట్రార్ దిగి వచ్చాడు. పెళ్ళివారు పిలవకుండా వచ్చినవాడికి భోజనం దొరికినంత సంతోషం మొహంలో.

"ఆఫీసరమ్మా! నేను పైనుంచి ఫోటోలు తీశాను. ఇరవై రెండు ఫోటోలు. గట్టు మాత్రం నా కిటికీలోంచి కనపడదు."

చూపించాడు. ఇరవై రెండింటిలోనూ వీపులే. అందరివీ ఒకే గౌను, ఒకే టోపీ. ఎవరెవరో కన్నతల్లి కూడా చెప్పలేదు.

"మొహాలు లేవు సార్," అంది మా ఆవిడ.

"అక్కర్లేదు. ఎవడో పుణ్యాత్ముడు నా పని చేసిపెట్టాడు. రెండింటికి హాలు గుమ్మం దగ్గర ఎవరికి బూట్లు లేవో వాళ్ళే గడ్డి తొక్కినవాళ్ళు. ఒకటీ నలభై ఐదుకి మీరు జాబితా రాసి సంతకం పెట్టండి. దొంగ దొరికితే వాడి పేరు కూడా."

ర్యాంకు ఒక అడుగు ముందుకేసింది. సోమవారం ఆమె ఉద్యోగంలో చేరాలి. చేతిలో ఒరిజినల్ పట్టా ఉంటేనే. ఏడాది ఆపితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"చేసింది మేమే," అంది. "దాటాం. దాటినందుకు సిగ్గేం లేదు. కానీ దొంగతనం జరిగింది మాకు సార్. మేమా ముద్దాయిలం?"

"అదుగో, ఒప్పుకుంది. రాసుకోండి."

"విచారణ పూర్తయ్యాక రాస్తాను," అంది మా ఆవిడ. నేను రాయబోతున్న పెన్ను లాక్కుంది.

మా ఆవిడ ఒక బూటు చేతిలోకి తీసుకుంది. మునివేళ్ళ చోట ఏదో ఉంది. లాగింది. నలిపి ఉండచేసిన కాగితం. విప్పితే సర్క్యులర్.

ఇంకోటి చూసింది. అందులోనూ అదే. ముప్పై ఎనిమిదింటిలోనూ ఉన్నాయి ముప్పై ఎనిమిది ఉండలు.

"చూశారా పొగరు!" రిజిస్ట్రార్ ఎగిరాడు. "నా సర్క్యులర్ని తీసుకెళ్ళి కాలి కింద పెట్టుకుని తిరుగుతున్నారు!"

"నేను పెట్టలేదు సార్," అన్నాడు పొడుగు. "మా అమ్మ ఒక సైజు పెద్దది కొన్న మాట నిజమే. పెరుగుతావురా అంది."

"ఇరవై రెండేళ్ళొచ్చాక ఏం పెరుగుతావురా?"

"అమ్మకి చెప్పండి సార్. నేను చెప్పి చూశాను."

నలుగురైదుగురు తలలూపారు. వాళ్ళ అమ్మలూ అంతే. మా ఇంట్లోనూ అంతే. నా పెళ్ళికి కొన్న సూటు ఇప్పటికీ నాకు వదులే.

"కాగితాలు ఎందుకు పెట్టారో తేలిపోయింది. ఇంక చూడ్డానికేముంది?" అని రిజిస్ట్రార్ వెళ్ళిపోయాడు. మా ఆవిడ మాత్రం వరస కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ, ఇందులో మీకేం కనిపిస్తోంది?"

"బూట్లు."

"ఇంకా?"

"నీటుగా ఉన్నాయి."

"మన ఇంటి ముందు మన బంధువులు విప్పినప్పుడు ఎలా ఉంటాయి?"

"ఒకటి గుమ్మంలో, ఒకటి పక్కింట్లో."

"కదా," అంది. ఇంకేం చెప్పలేదు. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళైంది. సగం చెప్పి ఆపడం ఆవిడకి కేసుల్లోంచి సంసారంలోకి వచ్చిందో, సంసారంలోంచి కేసుల్లోకి వెళ్ళిందో నాకింకా తెలియదు.

వాచ్‌మన్ని పిలిచింది.

"గేటు దాటి ఏమైనా బయటికి పోయిందా?"

"లేదు మేడమ్. పది నుంచీ బయటికి ఒక్క పురుగు పోలేదు."

"లోపలికి?"

రిజిస్టర్ చూసుకున్నాడు. "పదీ నలభైకి గౌన్ల వ్యాను. దింపి లోపలే ఆగింది. పదీ యాభై రెండుకి ఒక పేరెంటు. తర్వాత పదకొండూ ఇరవై ఆరుకి మీవారు."

"మావారి మీద అనుమానం లేదు. ఆయన బాక్సు మూత తియ్యడానికే పావుగంట తీసుకుంటారు."

తోటమాలి పైపు సరిచేసుకుంటూ కనిపించాడు. పెద్దాయన. ఇరవై ఆరేళ్ళుగా ఆ గడ్డిని కన్నబిడ్డలా పెంచుతున్నాడు.

"నీ గడ్డి తొక్కారని నీకే కోపమొచ్చి బూట్లు దాచావేమోనని రిజిస్ట్రార్ గారి అనుమానం," అంది మా ఆవిడ.

"నాకు కోపమా?" ఆయన నవ్వాడు. "ఈ రోజు కోసమే పొద్దున్న ఐదింటికి లేచి తడిపానమ్మా, మెత్తగా ఉండాలని. ఏడాదికోసారి వట్టికాళ్ళు పడితే గడ్డి చావదు. సర్క్యులర్ల వల్ల చావదు, బతకదు."

"ఆ టైములో గట్టు దగ్గర ఎవర్నైనా చూశావా?"

"నేను పిల్లల్ని చూస్తున్నానమ్మా. వాళ్ళు నడుస్తుంటే గట్టు ఎవడు చూస్తాడు?"

మిగిలింది ఆ పేరెంటు. ఆడిటోరియం పక్క వరండాలో, సర్క్యులర్ల కట్ట పెట్టిన బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని. ఆయన వెనక ఒక్కో గౌనుకి ఒకటి చొప్పున వచ్చిన అట్టపెట్టెలు గోడకు ఆనించి పేర్చి ఉన్నాయి. మేం వెళ్ళేలోపే ర్యాంకు పరిగెత్తుకొచ్చింది.

"మా నాన్నగారు మేడమ్. లెదర్ కంపెనీలో మేనేజర్."

ఆయన తలొంచుకున్నాడు.

"ఎప్పుడొచ్చారండీ?"

"పదకొండు లోపేనమ్మా. ముందుగా వస్తే ముందు వరసలో కూర్చోవచ్చని."

"పదకొండూ పది తర్వాత ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"గట్టు దగ్గర ఎవరైనా తచ్చాడారా?"

మా ఆవిడ ఆయన మొహం కేసి చూస్తోంది. ఆయన మాత్రం మా ఆవిడ పాదాల కేసి చూస్తున్నాడు. బిడియస్తుడు కాబోలు అనుకున్నాను.

"అమ్మా," అన్నాడు చివరికి, చాలా మెల్లిగా. "మీకు ఎడమకాలి చిటికెనవేలు నొక్కేస్తోంది. ఒక నంబరు పెద్దది వెయ్యండి."

"ఏడాదిగా నొక్కుతోంది," అంది మా ఆవిడ. "మావారికి కూడా తెలియదు."

నాకు నిజంగానే తెలియదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఒకటీ ముప్పై ఎనిమిది. ఆడిటోరియం మెట్ల దగ్గర అందరినీ పోగుచేసింది. అరవై ఒక్క మంది పిల్లలు, వచ్చిన తల్లిదండ్రులు, వాచ్‌మన్, తోటమాలి. ఎదురుగా రిజిస్ట్రార్, చేతిలో తెల్లకాగితం.

మా ఆవిడ గొంతు సవరించుకుంది.

"దొంగైతే జతలు ఎత్తుకెళ్తాడు. ఒంటికాలి బూటు కుంటివాడికి కూడా పనికిరాదు. అల్లరి చేసేవాడైతే కలగాపులగం చేసిపోతాడు. స్వాధీనం చేసుకునేవాడు మొత్తం పట్టుకుపోతాడు. మరి ఒక కాలిది బయట ఉంచి, రెండోది లోపల పెట్టేది ఎవరు?"

పొడుగు కాలికున్న ఒంటి కుడి బూటు కేసి వేలు చూపించింది.

"బూట్ల షాపువాడు. షాపులో అలమర మీద ఎప్పుడూ ఒక కాలిదే పెడతారు. రెండోది పెట్టెలో, లోపల. రెండూ బయటుంటే ఎవడో ఒకడు తొడుక్కుని వెళ్ళిపోతాడని. గట్టు మీద బూట్లు చిన్న నంబరు నుంచి పెద్ద నంబరు దాకా వరసగా ఉన్నాయి. మొనలు బయటికి. లేసులు లోపలికి మడిచి ఉన్నాయి. మనందరం చూసి వదిలేసింది ఈ కాగితం ఉండ. పెద్ద సైజు కొన్నారు కాబట్టి పెట్టుకున్నారనుకున్నాం. అందరి అమ్మలూ పెద్ద సైజే కొన్నా, అందరూ ఒకేలాగా ఉండ చెయ్యరు. ముప్పై ఎనిమిదీ ఒకే చెయ్యి చేసిన ఉండలు. బూటు మొన చొట్టబోకుండా షాపులో పెట్టే ఉండలు. వరండాలో చేతికందిన కాగితం ఇది. అందులో ఏం రాసుందో ఆయన చదవలేదు."

"ఎవరాయన?" రిజిస్ట్రార్ అరిచాడు.

మా ఆవిడ ర్యాంకు తండ్రి కేసి కూడా చూడలేదు. వరండాలోకి వెళ్ళి ఒక అట్టపెట్టె మూత తీసింది. ఎడమ బూటు. పక్కది తీసింది. ఎడమ బూటు. పెట్టెల అంచుల మీద నంబర్లు, సుద్దముక్కతో. ఐదు, ఐదు, ఆరు, ఏడు.

"నేనేనమ్మా," అన్నాడాయన.

ర్యాంకు కళ్ళు మూసుకుంది.

"ముప్పై ఏళ్ళ నుంచీ సేల్స్‌మన్ని. జతలు జతలుగా బయట, మనిషి లేడు. నాకు ప్రాణం ఆగలేదు. చేతులు వాటంతటవే సర్దేశాయి. వాళ్ళు రాగానే చెబుదామనుకున్నా. ఈలోగా సార్ దొంగ, దొంగ అని అరుస్తున్నారు. మా అమ్మాయి అక్కడే ఉంది. ఫ్రెండ్స్‌కి మేనేజర్ అని చెప్పుకుంది. అందరి ముందూ..." ఆగిపోయాడు.

"సరే," రిజిస్ట్రార్ జేబులోంచి పెన్ను తీశాడు. "దొంగ కాదంటే వదిలేస్తాను. బూట్లు తీసుకోండి. ఒక్కొక్కళ్ళే వచ్చి, ఇక్కడ సంతకం పెట్టి తీసుకోండి. సంతకం పెడితే గడ్డి తొక్కినట్టు. పెట్టకపోతే బూటు లేదు. బూటు లేకపోతే హాలు లేదు."

తెలివైనవాడే. ఎటు తిరిగినా గోడే.

ఒకటీ నలభై మూడు.

ర్యాంకు ముందుకొచ్చింది. బల్ల దగ్గరికి కాదు. మెట్టు మీద కూర్చుని కాలు చాపింది.

"నాన్నా, నాది ఐదు."

ఆయన కదల్లేదు.

"నాన్నా. టైమవుతోంది."

ఆయన పెట్టె తెచ్చి, ఆమె ముందు మోకాలి మీద కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి చెంచాలాంటి రేకు తీశాడు. మడమ వెనక దూర్చాడు. బూటు ఒక్క నొక్కుకి ఎక్కింది. లేసు కట్టాడు.

ర్యాంకు వెనక్కి తిరిగి తన స్నేహితుల కేసి చూసింది.

"మా నాన్న. చెప్పుల షాపులో సేల్స్‌మన్. నేనే అబద్ధం చెప్పాను. ఎవరికైనా నవ్వొస్తే ఇప్పుడే నవ్వెయ్యండి, తర్వాత ఊరుకోను."

ఎవరూ నవ్వలేదు. "అంకుల్, నాది పది," అన్నాడు పొడుగు. "నిజానికి తొమ్మిది. అమ్మ పది కొంది."

ర్యాంకు బల్ల దగ్గరికెళ్ళి సంతకం పెట్టింది. కాగితంలో సగం నిండేంత పెద్దది. పొడుగు దాని కింద.

మూడోవాడు ఎవరో చూసి రిజిస్ట్రార్ కళ్ళు చిట్లించాడు. భయపడి ఆగిపోయిన ఇరవై ముగ్గురిలో వీడొకడు. నాలుగేళ్ళూ వీణ్ణి పిల్లి అని పిలిచారట. మెట్టెక్కుతూ ఎడమ బూటు విప్పి ఖాళీ పెట్టెలో పడేశాడు.

"నాదీ పోయింది సార్."

"ఇప్పుడే నీ కాలికి ఉంది కదరా!"

"ఇప్పుడే పోయింది సార్."

"నువ్వు గడ్డి తొక్కలేదు!"

"తొక్కాను సార్. కావాలంటే ఫోటోలో చూడండి. ఎడమ నుంచి నాలుగో వీపు నాదే."

"అది నాది," అంది వెనక నుంచి ఇంకో అమ్మాయి, తన బూటు విప్పుతూ. ఆమె కూడా ఇరవై ముగ్గురిలోదే. "నీది ఐదో వీపు."

ఇంక ఆపడం ఎవరి తరమూ కాలేదు. దాటినవాళ్ళూ దాటనివాళ్ళూ కలిసిపోయారు. ఎడమ బూట్లు విప్పేవాళ్ళు విప్పుతున్నారు, తొడిగించుకునేవాళ్ళు తొడిగించుకుంటున్నారు. సేల్స్‌మన్ గారు పండగ సీజన్లో కూడా అంత బిజీగా ఉండి ఉండరు. నంబరు అడగడం మానేశారు. పాదం చూసి పెట్టె తీస్తున్నారు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఒకటీ యాభై నాలుగుకి జాబితాలో అరవై ఒక్క సంతకాలు.

"అందరివీ ఆపేస్తాను!" రిజిస్ట్రార్ కాగితం మా ఆవిడ ముందు పెట్టాడు. "ధ్రువీకరించండి."

"కుదరదు సార్."

"ఏమిటి?"

"గడ్డి మీద నడిచింది ముప్పై ఎనిమిది మంది. బూట్లు లెక్కపెట్టింది నేనే. ఇందులో అరవై ఒక్కమంది ఉన్నారు. ఇరవై మూడు అబద్ధాలున్న కాగితం మీద నేను సంతకం పెట్టను. ఆ ఇరవై మూడూ ఏవో మీరు చెప్పండి, కొట్టేసి పెడతాను."

"వాళ్ళనే అడగండి!"

"అడిగాను సార్. అందరూ దాటామంటున్నారు. పైగా గర్వంగా అంటున్నారు."

"నా కళ్ళతో చూశాను!"

"మీరు చూసింది వీపులు. సర్క్యులర్ మీదే సార్. నా సంతకం లేకుండా జాబితా చెల్లదని మీరే రాశారు. ఐదు వందల కాపీలున్నాయి, ఒకటి తెప్పించమంటారా?"

రెండింటికి తలుపులు తెరిచారు. అరవై ఒక్క మంది, నూట ఇరవై రెండు బూట్లు. ర్యాంకు పేరు మొదట పిలిచారు. ఆమె పట్టా అందుకుని తిన్నగా మెట్లు దిగి, ముందు వరసలో కూర్చున్న తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని తిరగేసి, అంచులు సరిచూసి, పక్కనున్న ఖాళీ అట్టపెట్టెలో పెట్టబోయాడు. అలవాటు.

కేసు ముగిసింది. నా కష్టాలు మొదలయ్యాయి.

నాలుగూ నలభైకి ఒక కవరు వచ్చింది. మా ఆవిడకి మెమో. విధి నిర్వహణలో ఆజ్ఞ ధిక్కరించినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో సోమవారం ఉదయం పదిలోగా సంజాయిషీ ఇవ్వాలి. అందులో ఆఖరి ప్రశ్న, పచ్చిక మీద ఎవరెవరు నడిచారో మీకు తెలిసినంతవరకు పేర్లతో సహా రాయండి.

మా ఆవిడ చదివి, నాలుగు మడతలు పెట్టి, గట్టు దగ్గరికి నడిచింది. బూట్లు విప్పింది. ఎడమది ముందు.

"ఏమోయ్, ఏం చేస్తున్నావ్?"

"నేను కాలేజీ మొహం చూడలేదండీ. పద్దెనిమిదేళ్ళకే లాఠీ పట్టుకున్నాను. పట్టాలు పుచ్చుకునే వాళ్ళకి కాపలా కాశాను గానీ... రండి."

"నేనా? సంచి ఉంది నా చేతిలో."

"సంచితోనే రండి."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఎర్రసిరా వాడాల్సిన చోట నీలం సిరా వాడినవాణ్ణి కాను. చెప్పులు విప్పాను. తోటమాలి మమ్మల్ని చూసి, పైపులో ఏదో అర్జెంటు లోపం కనిపెట్టి అటు తిరిగిపోయాడు. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళి ఫోటోలో తప్ప అలా వేసిన గుర్తు లేదు. ఇద్దరం వెనక్కి చూడకుండా దాటాం.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం. సంజాయిషీ టైపు చెయ్యడం నా పని. ఆవిడ రెండు ముక్కలు చెప్పి పడుకుంది. 'నేను నడిచాను. గడ్డి బాగుంది.' అంతే. పిల్లల పేర్లు ఒక్కటీ రాయొద్దంది. క్షమాపణ అన్న మాట కనిపిస్తే కాగితం చించేస్తానంది.

అయ్యా, అమ్మా, చదివేవాళ్ళలో ఆఫీసు వ్యవహారాలు తెలిసినవాళ్ళు ఉంటారు కదా. కాస్త సలహా చెప్పండి. నేను జీవితంలో 'వినయపూర్వకంగా' అని మొదలెట్టకుండా ఒక్క ఉత్తరం రాయలేదు. ఇందులో అది పెట్టొచ్చా? పెడితే ఆవిడ ఒప్పుకుంటుందా? 'నేను' అన్న చోట 'మేము' అని మార్చి, నా పేరు కూడా కింద చేర్చమంటారా? నేను అక్కడ ఉద్యోగిని కాను, నన్ను ఎక్కణ్ణుంచి తొలగిస్తారు?

ఇంకొకటి. 'గడ్డి బాగుంది' అన్న వాక్యం తీసెయ్యమనే వాళ్ళుంటారు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. 'చాలా' అని చేర్చమంటారా? సోమవారం పదిలోగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.